తడిలో ఆరే పూత

1941 సెప్టెంబరు 7, ఆదివారం

ఇవ్వాళ కూడా తొలి రైలుకే పోయాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఈ మనిషికి ఇంట్లో కాలు నిలవదు. అడిగితే ఒకటే పాట. బసవనగుడిలో ఒక శెట్టిగారి బంగళాలో జపాను దేశపు పనివాడు ఉన్నాడట, కొయ్యగిన్నెలకు ఏదో పూత పూస్తాడట, ఎవరైనా వెళ్ళి ఊరికే కూర్చుని చూడవచ్చట. కాడుగోడిలో తరిమెన మీద కొయ్య తిప్పి బొంగరాలూ ఉయ్యాల గుండ్లూ చేసుకునే చెన్నరాయప్పకు జపానుతో ఏం పని అని ఊళ్ళో ఒక్కరూ అడగరు. కట్టుకున్నదాన్ని నేను అడిగితే మాత్రం అనుమానపు పిశాచిని.

శ్రావణంలో ఆయన చేతులు రెండూ వాచి, నీటిపొక్కులు లేచి, ఉలి పట్టలేకపోయాడు. ఏమైందంటే కొయ్యపొట్టు పడలేదన్నాడు. చిన్నప్పటి నుంచీ కొయ్యపొట్టులో పొర్లిన మనిషికి ఇప్పుడు కొత్తగా పడకపోవడమేమిటి? ఇందులో ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేశాక వాసన చూశాను. పూల వాసన లేదు, సెంటు వాసన లేదు. పుల్లటి జిగురు వాసన ఏదో ఉంది. అదేమిటో తేల్చుకోవాలి.

సెప్టెంబరు 10

"ఈ పెద్దల దినాలు పోనీ, మహాలయ అమావాస్య దాటనీ, అప్పుడు చూస్తా" అని అత్త పప్పు ఏరుతూ తనలో తాను అనుకుంటోంది. నేను గడప దగ్గరే ఉన్నానని ఆవిడకు తెలియదు. తెలిసే అన్నదేమో కూడా.

ఏం చూస్తుంది? పెళ్ళై పదకొండేళ్ళు. ఈ ఇంట్లో ఊరందరికీ ఉయ్యాల గుండ్లు తయారవుతాయి, ఉయ్యాల మాత్రం ఒక్కసారీ కట్టలేదు. మా అత్త అంజినమ్మగారు ఏం చూడబోతున్నారో నాకు తెలియదా?

సెప్టెంబరు 14, ఆదివారం

"నేనూ వస్తా" అన్నాను నిన్న.

"రా. వద్దంటినా?" అన్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటే అనుమానం తగ్గుతుందా, పెరుగుతుందా? నాకు పెరిగింది. నేను వస్తున్నానని ముందే కబురు పెట్టి అన్నీ సర్దించాడేమో అనుకున్నాను. అత్తకు అన్నం వండిపెట్టి, చద్ది మూట కట్టుకుని తొలి రైలెక్కాం.

రైల్లో మా ఎదురుగా పేపరు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, మేము ఎక్కడికి పోతున్నామో తెలుసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టాడు. "జాగ్రతప్పా. జపానోల్లు ఊరికే రారు. ఫోటో తీసేవాల్లూ వాల్లే, పండ్లు పీకేవాల్లూ వాల్లే. మన రోడ్లూ స్టేషన్లూ అన్నీ రాసి పంపిస్తాండారంట. పెట్టెల్లో వైర్‌లెస్సు పెట్టుకోనుంటారు" అన్నాడు. మా ఆయన నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు. నేను నవ్వలేదు. నేను ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ గురించే ఆలోచించాను. వైర్‌లెస్సు సంగతి నాకు తట్టనే లేదు.

సిటీ స్టేషను నుంచి జట్కాలో పోయాం. బంగళా చుట్టూ పంపర పనస చెట్లు, ముందు పెద్ద వరండా. అక్కడ చాప మీద నెరిసిన జుట్టు మట్టంగా కత్తిరించుకున్న చిన్నపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు ఇసోబె. మమ్మల్ని చూడగానే లేచి నడుము వంచి దండం పెట్టాడు. మా ఆయనకు పెట్టాడు సరే, నాకూ పెట్టాడు. నా పుట్టుకలో ఒక మగవాడు నాకు వంగి దండం పెట్టింది లేదు. ఏదో కావలసి ఉంటేనే ఇంత వినయం.

పని చెప్తాను. ఒక జాడీలోంచి చిక్కటి పాలలాంటిది తీసి, మందపాటి కాగితంలో పోసి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టి పిండాడు. కాగితం చెమర్చి బొట్లు బొట్లుగా దిగింది. దిగినప్పుడు గోధుమరంగు, చూస్తుండగానే నల్లబడుతోంది. దాన్ని వెడల్పాటి చిన్న కుంచెతో కొయ్యగిన్నెకు పూశాడు. ఎంత నిదానమంటే, ఆ పూటకు మా అత్త అయితే ఇంట్లో గోడలన్నీ సున్నం కొట్టి ఉండేది. పూసి, గిన్నెను వెలుతురుకు పట్టి చూసి, ఈక మొనతో ఏదో కంటికి కనపడని నలకను ఎత్తాడు. మళ్ళీ చూసి మళ్ళీ ఎత్తాడు. చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఒక్కరూ దగ్గలేదు. నాకు కూడా, ఒప్పుకోవాలి, ఊపిరి గట్టిగా తీస్తే ఆ గిన్నె మీద పడుతుందేమో అనిపించింది.

ఆ తరువాత జరిగిందే నాకు ఎక్కలేదు. రంగు ఆరాలంటే ఎండలో పెట్టాలి, పసిపిల్లను అడిగినా చెప్తుంది. ఈ జపానాయన గిన్నెను తీసుకెళ్ళి లోపలంతా తడిబట్ట పరిచిన కొయ్య పెట్టెలో పెట్టి తలుపు వేసేశాడు. తడిలో ఆరుతుందట!

"ఆ పెట్టె ఒకసారి తెరిచి చూపించమనండి" అన్నాను.

"తెరవకూడదమ్మా" అంది వెనకనుంచి ఒక ఆడగొంతు. "దుమ్ము పడితే పనంతా చెడిపోతాది. ఇది రంగు కాదు, వాల్ల దేశంలో ఒక చెట్టుపాలు. తడిగాలి తగిలితేనే గట్టిపడేది. ఎండలో పెట్టినావంటే ఎన్నాల్లైనా జిగురుజిగురే."

ఇదిగో, ఉంది. నాకు తెలుసు ఉంటుందని. కమలమ్మ అట. ఆ జపానాయనకు వంట చేసి పెడుతుంది, ఆయన మాటలు నాలుగు నేర్చుకుని వచ్చినవాళ్ళకు చెప్తుంది. ముప్ఫై దాటి ఉంటాయి, విధవరాలు, పళ్ళు చక్కగా ఉన్నాయి. "చెన్నరాయప్పన్నా, ఈ పొద్దు అక్కను గూడా పిలుచుకొస్తివా, బాగాయె" అంది మా ఆయనతో. ఈయన పళ్ళికిలించాడు. అన్నా అని పిలిచేవాళ్ళంతా చెల్లెళ్ళేనా?

ఈయన వెళ్ళి ఆ చాప మీద, జపానాయన పక్కనే, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మూటలోంచి తను తిప్పిన గిన్నె ఒకటి తీసి ఇచ్చాడు. జపానాయన దాన్ని గోటితో తట్టాడు, అంచును చెంపకు ఆనించుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. తరువాత ఏదో ఒక ముక్క అన్నాడు. "పల్చగా తిప్పినావంట. వాల్ల ఊర్లో గూడా ఇట్ల తిప్పేవాల్లు తక్కువంట" అని కమలమ్మ చెప్పింది. అప్పుడు మా ఆయన మొహం చూశాను. పెళ్ళిపీటల మీద నా పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ మొహం అంత వెలగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపెందుకో తెలియక కోపమొచ్చింది.

అందరూ అటు చూస్తుండగా ఆ పెట్టె దగ్గరికి జరిగి చెవి పెట్టి విన్నాను. ఏమీ వినపడలేదు. పక్కన పాలు అంటిన బద్ద ఒకటి ఉంటే వేలితో ముట్టి చూశాను. కమలమ్మ కనిపెట్టేసింది.

"ముట్టొద్దమ్మా! ఒల్లంతా దద్దుర్లు లేస్తాయి. కొందరికి అప్పుడే, కొందరికి దినాలు పోయినాక. శ్రావణంలో మీ ఆయనకు చేతులు పొంగిపోలేదా, ఈ పాలకే కదా."

దారిలో ఆయన చాలా మాట్లాడాడు. నేను చద్ది మూట గుడ్డ మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.

సెప్టెంబరు 15

కమలమ్మకు చెప్పింది చెట్టుపాలు. నాకు చెప్పింది కొయ్యపొట్టు.

సెప్టెంబరు 18

స్నానాల గదిలో, నీళ్ళ బాన వెనక, కొత్త పెట్టె ఒకటి వెలిసింది. ఆయనే చేసుకున్నాడు. లోపల తడిబట్ట పరిచాడు. జపానాయన చిన్న సీసాడు పాలు ఇచ్చాడట.

"ఏముంది అందులో?"

"పని ఉండాది. తెరవొద్దు."

"ఏం పని?"

"ఆరినాక నువ్వే చూస్తువులే."

రోజూ పొద్దున లేవగానే వెళ్ళి ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుంటాడు. బయటికి వచ్చేటప్పుడు చిన్నగా నవ్వుకుంటూ వస్తాడు. నేను చూడటం లేదనుకుంటాడు.

సెప్టెంబరు 22, సోమవారం

నిన్న అమావాస్య, పెద్దలకు పెట్టుకున్నాం కాబట్టి ఇంట్లో ఉన్నాడు. దానికి బదులుగా ఇవ్వాళ పోయాడు. ఇప్పుడు సోమవారాలు కూడా మొదలైనట్టు.

వచ్చి భోజనం కూడా చేయకుండా కూర్చున్నాడు. "జపానాయన ఊరికి పోతాండాడు" అన్నాడు. "యుద్దం వస్తాదని వాల్లందర్నీ రమ్మన్నారంట. ఈ ఆదివారమే కడసారి. సోమవారం బొంబాయి రైలెక్కుతాడు. నేను చేసిన పని తెచ్చి చూపీమన్నాడు. అది నచ్చిందంటే ఆ జాడీ పాలూ కుంచెలూ నాకే ఇచ్చి పోతానన్నాడు. ఇంకెవురికీ ఇయ్యడంట."

"ఊరికే ఇస్తాడా?"

"ఊరికేనే."

"ఊరికే ఎవరిస్తారయ్యా జాడీడు సరుకు?"

"భాగీ, ఈ బొంగరాలతో ఇంక ఎన్నాల్లు? ఈ పని చేతికొచ్చిందంటే మన బతుకే వేరే" అన్నాడు. మన బతుకు అన్నాడు. ఆ 'మన'లో ఎవరెవరున్నారో చెప్పలేదు.

సెప్టెంబరు 23

హొస్కోట నుంచి ఎవరో ముసలాయన వచ్చాడు. అత్త నన్ను నీళ్ళకు పంపించింది. కడవలో నీళ్ళు ఉన్నాయి, అయినా పంపించింది. నేను బావి దాకా పోలేదు, గోడ పక్కన నిలబడ్డాను.

"ఆదివారం పిలుచుకోని రాండి. నవరాత్రి దినాలు, మంచిదే. తాంబూలం నేనే పుచ్చుకొంటా. పెద్ద కోడలు ఏమీ అనదు, దానికి నేను చెప్పుకొంటా."

పెద్ద కోడలు. అంటే చిన్న కోడలు వస్తోందన్నమాట.

ఆదివారం! ఆయనకూ ఆదివారమే కడసారి. ఆయన చెప్పే ఆదివారమూ ఈవిడ చెప్పే ఆదివారమూ ఒకటే కావడం ఊరికే జరుగుతుందా?

సెప్టెంబరు 24, బుధవారం

తెరిచాను.

ఆయన కట్టెల కోసం హూడి దాకా పోయాడు, అత్త నిద్రపోయింది. పెట్టెకు కట్టిన తాడు ముడి ఎలా వేశాడో చూసుకుని విప్పాను. లోపల వైర్‌లెస్సు లేదు. కుంకుమ భరిణె ఉంది. నల్లగా, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తూ ఉంది. ఇంత చక్కటి వస్తువు మా ఇంట్లో ఎన్నడూ లేదు. నా భరిణె తెచ్చి పక్కన పెట్టి చూశాను. సరిగ్గా అంతే, కొలిచి చేసినట్టు. నా దాని కొలత తీసుకుని మరొకటి చేశాడు. నాకు ఉండగా ఇంకో భరిణె ఎవరికి? కమలమ్మ కుంకుమ పెట్టుకోదు. పిల్లను చూపించడానికి వచ్చినవాళ్ళ చేతిలో పసుపూ కుంకుమా పెట్టి పంపేది మా వాళ్ళ ఆనవాయితీ. ఇంక చెప్పేదేముంది.

చేత్తో ఎత్తాను. పూత ఇంకా జిగురుగా ఉంది. వేలు అంటుకుంది. తీసేసరికి మూత మీద నా వేలి గుర్తు గీతలతో సహా దిగింది. కొంగుతో తుడిచాను, ఇంకా పాడైంది. కళ్ళు మండితే అదే చేత్తో తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టెలో పెట్టి ముడి వేశాను. ముడి బాగానే పడింది.

సెప్టెంబరు 25

చేతులు దురద. దోమలు ఎక్కువయ్యాయి.

సెప్టెంబరు 26, శుక్రవారం

లేచేసరికి చేతులు రెండూ ఉబ్బి, వేళ్ళ సందుల్లో నీటిపొక్కులు. ఎడమ కన్ను మూసుకుపోయింది, చెంప మీదా నుదుటి మీదా కూడా లేచాయి. పొయ్యి దగ్గరికి వెళ్ళగానే అత్త నన్ను చూసి చేతిలో గరిటె వదిలేసింది.

"అయ్యో తల్లీ మారెమ్మా! అమ్మ పోసింది! నా కోడలికి అమ్మ పోసింది!"

నేను నోరు తెరిచాను. ఇది అమ్మవారు కాదు అత్తా, చెట్టుపాలు, అని చెప్పాలి. చెప్తే ఎలా అంటిందంటారు. పెట్టె తెరిచానంటే ఎందుకు తెరిచావంటారు. ఇంతలో ఆవిడ పరుగెత్తుకెళ్ళి వేపమండలు తెచ్చి వాకిట్లో కట్టేసింది. పొయ్యి మీద తాలింపు పెట్టకూడదంది. ఇంటివాళ్ళు ఊరు దాటకూడదు, బయటివాళ్ళు గడప తొక్కకూడదు, మూడు నీళ్ళు పోసేదాకా ఈ ఇంట్లో మంచీ లేదు చెడ్డా లేదు అంది. హొస్కోటకు కబురు పెట్టాలి అని కూడా అంది, కానీ ఎవరు పోవాలి, ఇంటివాళ్ళు కదలకూడదు కదా.

అప్పుడు నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆయన వచ్చి నా చేతులు పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. చెప్పేస్తాడు అనుకున్నాను. "నొప్పిగా ఉండాదా?" అన్నాడు, అంతే. మగవాళ్ళు దేన్నీ సరిగ్గా చూడరు.

సెప్టెంబరు 27

నేను అబద్ధం ఆడలేదు. అమ్మవారు అని నేను అన్నానా? అన్నది ఆవిడ.

సెప్టెంబరు 28, ఆదివారం

తెల్లవారుతూనే ఆయన స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అత్త వాకిట్లో అడ్డంగా నిలబడింది. "బయట అడుగు పెట్టొద్దు నాయనా. అమ్మ ఇంట్లో ఉండాది. నువ్వు ఊరు దాటితే ఆ తల్లి కోపం నా కోడలి ప్రాణానికొస్తాది."

"సరేమ్మా" అన్నాడు. అరవలేదు, వాదించలేదు, చొక్కా విప్పి దండెం మీద వేశాడు. ఎంత ఆశ పెట్టుకున్నాడు ఆ జాడీ మీద, ఒక్క ముక్కకు ఎలా ఒప్పుకున్నాడు? పోకూడదని ముందే ఉందా? హొస్కోటవాళ్ళు వచ్చేటప్పుడు ఇంట్లో ఉండాలనా?

తరిమెన దగ్గర కూర్చున్నాడు గాని తిప్పలేదు. రైలు కూత వినపడినప్పుడు ఉలి కింద పెట్టి గోడ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం ఎద్దుబండి ఒకటి మా వీధి మొదట్లో ఆగింది. కిటికీ సందులోంచి చూశాను. ఇద్దరు ఆడవాళ్ళు, ఆ ముసలాయన, మధ్యలో పచ్చచీర కట్టుకున్న పిల్ల. పదహారేళ్ళు ఉంటాయేమో. వేపమండలు చూసి బండి అక్కడికక్కడే వెనక్కు తిప్పారు. అత్త దూరంనుంచే చేతులు జోడించింది.

గెలిచాననుకున్నాను. అన్నం మాత్రం సహించలేదు.

సెప్టెంబరు 30

దసరా. అమ్మవారి ఇల్లు కాబట్టి ఈ ఏడు తరిమెనకు పూజ లేదు.

అత్త నా చేతులకు వేపాకు ముద్ద రాస్తూ పాట పాడుతోంది. నిద్రలేక ఆవిడ కళ్ళు గుంటలు పడ్డాయి. నా చేతుల మీద ఆవిడ కన్నీళ్ళు పడితే మండింది.

అక్టోబరు 2

కమలమ్మ వచ్చింది! మా ఊరికి, మా ఇంటికి! వేపమండలు చూసి కంచె అవతలే నిలబడిపోయింది. నేను లోపలినుంచి చెవులు రిక్కించి విన్నాను. ఏదైనా పట్టుబడుతుందని.

"అమ్మ పోసిందా అక్కకు? అయ్యో, తెలియకపాయె. ఎందుకు రాలేదో అని అడిగిపోదామని వస్తి అన్నా. ఆదివారం పొద్దు గూకేదాకా జపానాయన ఆ వరండాలోనే కూచునిండె. జట్కా చప్పుడైతే చాలు, లేచి చూసె. కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి, నీకని ఎత్తిపెట్టినాడు. వేరేవాల్లు అడిగితే ఇయ్యలేదు. పని తెలియనోల్లకు ఇస్తే చేతులు పాడు చేసుకుంటారని, సోమవారం పొద్దున తోటలో గుంత తవ్వి, జాడీడు పాలూ పోసేసి, మన్ను కప్పినాడు. కుంచెలు మాత్రం తీసకపాయె."

"ఓ" అన్నాడు ఆయన. "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగి పోమ్మా" అన్నాడు. వెంటనే, "ఈ ఇంట్లో ఇప్పుడేమీ పుచ్చుకోకూడదు కదా, మరిస్తి" అన్నాడు.

నేను దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇందులో పట్టుబడింది ఎవరు?

అక్టోబరు 7

మూడో నీళ్ళు పోసింది అత్త. పొక్కులు ఎండి పొట్టు రాలుతోంది. తల తుడిచి, పసుపు రాసి, పీట మీద కూర్చోబెట్టి, ఉన్నట్టుండి నా కాళ్ళు పట్టుకుంది.

"అత్తా! ఇదేమి!"

"నీకు కాదే పట్టుకొనేది, నీ పైన వచ్చిన తల్లికి. భాగీరతీ, నేను పాపం చేయబోతి. నీకు సవతిని తేవాలని హొస్కోటవాల్లను పిలిపిస్తి. సరిగ్గా ఆ దినానికే అమ్మ వచ్చి నీ చేతుల్లో కూచునె. వద్దే అంజినమ్మా, ఈ ఇంటికి ఈ కోడలు చాలు అని ఆ తల్లే చెప్పె. ఇంక ఆ మాట ఎత్తితే నా నోట్లో పురుగులు పడనీ. హొస్కోటకు మనిషిని పంపించేసినా, వద్దని."

చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు, చెప్పేద్దామనే నోరు తెరిచాను. తరిమెన చప్పుడు ఆగింది. ఆయన తలెత్తి నా వైపు చూశాడు, చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

ఆయనకు తెలుసు.

అక్టోబరు 8

అత్త గుడికి పోగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఇది అమ్మవారు కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"శుక్రవారం నీ చేతులు చూసినప్పటి నుంచే. నాకు వచ్చిందీ అదే కదా. పెట్టె తెరిచి చూస్తి, మూత పైన నీ వేలు ఉండాది."

"మరి చెప్పలేదేం? ఆదివారం పోలేదేం? చెట్టుపాలు అని మీ అమ్మకు ఒక్క మాట చెప్పి పోయి ఉండొచ్చు కదయ్యా!"

ఆయన ఉలి అంచును బొటనవేలితో చూసుకుంటూ కూర్చున్నాడు. "అట్ల చెప్పి పోయింటే అది అమ్మవారు కాదని అమ్మకు తెలిసిపోయేది. హొస్కోటవాల్లు ఇంట్లోకి వచ్చేసుండేవాల్లు. అమ్మ తాంబూలం పుచ్చుకొనుండేది. పెద్దామె మాట ఇచ్చేసినాక నేను యాడికి పోయేది? బుధవారమే నాకు చెప్పింది. వద్దంటి. నా మాట యాడ వింటాది. ఎట్ల నిలపల్లో తెలియక తల పగలగొట్టుకొంటాంటి, అంతలో నీ చేతులు పొంగె."

"ఆ భరిణె ఎవరికి?"

"ఎవురికీ కాదు. జపానాయన చెప్పిండె, మీ ఇంట్లో దినామూ చేతిలోకి తీసుకొనే వస్తువు చేసి తెచ్చి చూపీమని. మన ఇంట్లో దినామూ చేతిలోకి తీసుకొనేది నీ భరిణె కదా. దాని కొలతే తీసుకొంటి." ఉలి పక్కన పెట్టి అన్నాడు, "ఎవురికని ఒక్క మాట అడిగింటే చెప్పిందును కదే."

ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఆ గుంతలో పోసిన పాలు తలుచుకుని ఏడ్చాను, అత్త కన్నీళ్ళు తలుచుకుని ఏడ్చాను. ఇదంతా అత్తకు ఎన్నటికీ చెప్పకూడదు. చెప్పిన రోజు పచ్చచీర పిల్ల మళ్ళీ బండెక్కుతుంది. ఆయన పోగొట్టుకున్నది ఏమిటో కూడా అత్త ముందు ఎన్నటికీ అనకూడదు.

ఆయన లేచి నా తల మీద చెయ్యి పెట్టి, మళ్ళీ కూర్చుని బొంగరం తిప్పడం మొదలుపెట్టాడు.

అక్టోబరు 26, ఆదివారం

ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆదివారాలు పోయేచోటు లేదు.

అత్త ఊరంతా చెప్పేసింది, అమ్మవారు నా చేతుల్లో కూర్చుని వెళ్ళిందని. ఇవ్వాళ పొద్దున ఎదురింటి నాగమ్మ చంకలో బిడ్డతో వచ్చింది. మూడు నెలల మగబిడ్డ. నేను ఇంతవరకూ వాడి మొహం చూడలేదు. నేను వీధిలోకి వస్తే చాలు, వాడి మీద కొంగు కప్పేది. పిల్లలు లేనిదాని కన్ను పడకూడదని. నాకు తెలియదనుకునేది. ఇప్పుడెందుకు వచ్చింది, ఏం కావాలి అని వాకిట్లోనే నిలబడి చూశాను.

"అక్కా" అంది నాగమ్మ, కొంగు తీసేసి. "దినామూ ఉలిక్కిపడి ఏడుస్తాండాడు. నీ చేతుల్లో అమ్మ కూచునిందంట కదా. ఒక తూరి ఎత్తుకోని తల నిమురక్కా. నిమ్మళిస్తాడు."

నా చేతులు చూసుకున్నాను. చర్మం ఇంకా పూర్తిగా మామూలు కాలేదు, వేళ్ళ సందుల్లో ఎర్రగానే ఉంది. అక్కడ కూర్చున్నది ఎవరో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వద్దు నాగమ్మా, నేను..." అన్నాను. అత్త లోపలినుంచి సంతోషంగా చూస్తోంది.

తరిమెన ఆగింది. ఆయన ఒళ్ళో కొయ్యపొట్టు దులుపుకుని నా వైపు చూశాడు.

"ఎత్తుకో" అన్నాడు.

ఎత్తుకున్నాను. ఆ వయసుకు బరువైన బిడ్డే.